జియోథర్మలా, మామూలు హీట్ పంపా, గ్యాసా? అమెరికాలో ఇంటి వేడికి, చల్లదనానికి ఏది పెట్టించుకోవాలి

2022 ఆగస్టులో మా పెన్సిల్వేనియా ఇంటి వెనక పెరట్లో ఎక్స్‌కవేటర్ కందకం తవ్వుతుంటే, తెనాలి నుంచి వచ్చిన మా నాన్న గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఆరడుగుల లోతు దిగాక ఆయన అడిగిన మొదటి మాట: "ఏరా, నీళ్లు పడ్డాయా?"

మన ఊళ్లో నేల తవ్వేది నీళ్ల కోసమే కదా. "నీళ్ల కోసం కాదు నాన్నా, నేలలో ఉన్న వేడి కోసం" అంటే ఆయన నమ్మలేదు. అప్పుడు మా పాత ఇంటి నుయ్యి గుర్తుచేశాను. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చేద వేసి తోడితే నీళ్లు గోరువెచ్చగా, ఆవిరి కక్కుతూ వచ్చేవి. రోహిణి కార్తెలో అవే నీళ్లు ఒంటి మీద పోసుకుంటే ప్రాణం లేచొచ్చేది. నూతిలో నీళ్లు మారలేదు, బయట గాలి మారింది.

జియోథర్మల్ హీట్ పంప్ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. కొంత లోతుకు వెళ్తే నేల వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో అది సుమారు 45 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్. బయట సున్నా డిగ్రీలున్నా నేల కింద 50 ఉంటే, ఆ 50 నుంచి వేడి లాక్కోవడం యంత్రానికి తేలిక. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక వైపు వదిలినట్టే, ఇది నేలలో పాతిన పైపుల ద్వారా అక్కడి వేడిని ఇంట్లోకి తోడుతుంది. ఎండాకాలంలో ఇదే పని తిరగేసి, ఇంట్లో వేడిని నేలలోకి పంపుతుంది. ఐస్‌లాండ్‌లో వేడినీటి బుగ్గలతో కరెంటు తీసేది దీనికి సంబంధం లేని పని. మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల ప్లాంటు కూడా లోతు నుంచి వచ్చే వేడినీటితో నడిచేదే. ఇంటి హీట్ పంపుకి వేడినీళ్లు అక్కర్లేదు, మామూలు మట్టి చాలు.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని కామన్‌వెల్త్ బిల్డింగ్ 1948లోనే బావి నీటితో హీట్ పంపులు నడిపింది. పని చేస్తుందా లేదా అన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు. మీ ఇంటికి, మీ జేబుకి సరిపోతుందా అన్నదే ప్రశ్న. మా ఇంటికి పెట్టించాక తెలిసినవాళ్లు చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరికీ ఒకటే జవాబు చెప్పలేకపోతున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడు మీ ఇల్లు దేనితో వేడెక్కుతోందన్నది. పైపు గ్యాసా, ఆయిలా, ప్రొపేనా, గోడ వెంట ఉండే కరెంటు బేస్‌బోర్డా? మిగతా లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండోది, ఆ ఇంట్లో ఇంకా ఎన్నేళ్లు ఉంటారు? ఈ విషయంలో మనవాళ్లు తమతో తాము నిజాయితీగా ఉండాలి. గ్రీన్‌కార్డు క్యూలో ఉండి, ఉద్యోగం మారితే డల్లాస్‌కో షార్లెట్‌కో వెళ్లిపోయే అవకాశం ఉన్నవాళ్లు పదిహేనేళ్ల లెక్క మీద డబ్బు పెట్టకూడదు.

మూడోది స్థలం. పైపులు అడ్డంగా పరచాలంటే పెద్ద పెరడు కావాలి, అందులో సెప్టిక్ ఫీల్డ్ (ఇంటి మురుగునీరు నేలలోకి ఇంకే చోటు) అడ్డం రాకూడదు. చిన్న ప్లాటైతే నిలువు బోర్లే దిక్కు. అవి సుమారు నాలుగంగుళాల వెడల్పున, ఇరవై అడుగుల ఎడంలో, 100 నుంచి 400 అడుగుల లోతుకు వేస్తారు. ఖర్చు పెరుగుతుంది.

ఇంట్లో డక్టులు (గదులకు గాలిని మోసుకెళ్లే గొట్టాలు) ఉన్నాయా, అటక మీద ఇన్సులేషన్ సరిగ్గా ఉందా అన్నవి కూడా చూడాలి. గాలి కారిపోయే ఇంటికి ఎంత మంచి యంత్రం పెట్టినా డబ్బు దండగే. ముందు ఆ చిల్లులు మూయించండి, అప్పుడు చిన్న యంత్రమే సరిపోతుంది.

లెక్క ఇలా వేయండి

గ్యాస్ బిల్లు థర్మ్‌లలో వస్తుంది, వేడిని బీటీయూలలో కొలుస్తారు. ఒక థర్మ్ గ్యాసంటే లక్ష బీటీయూలు. 95 శాతం సామర్థ్యం ఉన్న ఫర్నేస్ (ఇంధనం మండించి ఇంటిని వేడిచేసే యంత్రం) దాని నుంచి ఇచ్చే వేడినే, ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర యూనిట్ల వేడి ఇచ్చే జియోథర్మల్ దాదాపు 8 యూనిట్లతో ఇస్తుంది. అంటే మీ ఊళ్లో ఒక థర్మ్ ధర, ఒక యూనిట్ కరెంటు ధరకు ఎనిమిది రెట్ల కన్నా ఎక్కువైతేనే జియోథర్మల్ నడిపే ఖర్చు గ్యాస్ కన్నా తగ్గుతుంది. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

చలికాలానికి 7.6 కోట్ల బీటీయూల వేడి కావాల్సిన ఇల్లు ఒకటి అనుకుందాం. కింది ధరలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. వాటి స్థానంలో మీ బిల్లులోవి వేసుకోండి.

| దేనితో | ఒక చలికాలానికి ఎంత | ఒక్కొక్కటి ధర | మొత్తం, సుమారు డాలర్లలో |
|---|---|---|---|
| జియోథర్మల్ (1కి 3.5) | 6,360 యూనిట్లు | 18 సెంట్లు | 1,145 |
| గాలి హీట్ పంప్ (1కి 2.5) | 8,900 యూనిట్లు | 18 సెంట్లు | 1,600 |
| పైపు గ్యాస్, 95 శాతం ఫర్నేస్ | 800 థర్మ్‌లు | 1.30 డాలర్లు | 1,040 |
| ఆయిల్, 85 శాతం | 645 గ్యాలన్లు | 3.75 డాలర్లు | 2,420 |
| ప్రొపేన్, 95 శాతం | 875 గ్యాలన్లు | 3 డాలర్లు | 2,625 |
| కరెంటు బేస్‌బోర్డ్ | 22,270 యూనిట్లు | 18 సెంట్లు | 4,010 |

ఈ పట్టికను రెండుసార్లు చూడండి. ఆయిల్, ప్రొపేన్, బేస్‌బోర్డ్ ఉన్నవాళ్లు ఏ హీట్ పంపుకి మారినా లాభమే. పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు, ఈ ధరల దగ్గర, జియోథర్మల్ వల్ల చలికాలం బిల్లు ఒక్క డాలరు కూడా తగ్గదు. ఇంకో సంగతి. జియోథర్మల్‌ని అందరూ గ్యాస్‌తో పోలుస్తారు గానీ, దానికి అసలు పోటీ బయట గాలి నుంచి వేడి తీసుకునే మామూలు హీట్ పంపే. ఆ రెండింటి మధ్య తేడా ఈ ఇంటికి ఏడాదికి 455 డాలర్లు. వేసవిలో ఏసీ మీద ఇంకొంత కలుస్తుంది. పెట్టుబడిలో తేడా ఎంతో తెలిస్తే మీ నిర్ణయం సగం అయిపోయినట్టే.

జియోథర్మల్

మాకు వచ్చిన కొటేషన్లు చెబుతాను. అడ్డ పైపులతో 4 టన్నుల (టన్నంటే ఇక్కడ బరువు కాదు, యంత్రం సామర్థ్యం) జియోథర్మల్‌కి 31,000 డాలర్లు. నిలువు బోర్లతో అయితే 42,000. గాలి హీట్ పంపుకి 17,000. మాది ఆయిల్ ఫర్నేస్, పెరడు ఎకరం, డక్టులు ముందే ఉన్నాయి. అప్పట్లో జియోథర్మల్‌కి 30 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ ఉండేది. అంటే 9,300 వెనక్కి వచ్చి, 21,700 పడింది. గాలి హీట్ పంపుతో తేడా 4,700 మాత్రమే. పదేళ్లలో ఆ తేడా తీరిపోతుందని ధైర్యంగా దిగాం.

ఆ క్రెడిట్ ఇప్పుడు లేదు. 2025 డిసెంబరు 31 తర్వాత పని పూర్తైన సొంత ఇళ్లకు అది ఆగిపోయింది. ఈ రోజు అవే కొటేషన్లు నా చేతిలో ఉంటే తేడా 14,000 డాలర్లు. ఏడాదికి 455 చొప్పున తీరాలంటే ముప్ఫయ్యేళ్లు. మా ఇంట్లో ఇది ఎంత బాగా నడుస్తున్నా, ఈ మాట చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం తప్పు. కొన్ని రాష్ట్రాలు, కొన్ని కరెంటు కంపెనీలు ఇప్పటికీ రిబేట్లు ఇస్తున్నాయి. మీ దగ్గర ఉన్నాయేమో చూశాకే ఈ ఆశ పెట్టుకోవాలా వద్దా అన్నది తేల్చుకోండి.

డబ్బు ఒక్కటే కాదు, దీనికి ఉన్న గుణాలు వేరే. యంత్రమంతా బేస్‌మెంట్లో ఉంటుంది. బయట ఫ్యాను మోత లేదు, మంచు పేరుకోదు, వడగళ్లకు పాడవదు. లోపలి యంత్రం ఇరవై, ఇరవై ఐదేళ్లు నడుస్తుంది. నేలలో పైపులకు యాభై ఏళ్లకు పైనే ఆయుష్షు. వాటిని అతకడం నేను దగ్గరుండి చూశాను. పనివాడు రెండు నల్ల పైపుల కొసల్ని వేడి పలకకు ఆనించి, కరిగాక ఒకదానికొకటి నొక్కి పట్టుకున్నాడు. చల్లారేసరికి అతుకు చుట్టూ చిన్న కట్టు లేచింది. తర్వాత గొట్టాల్లో ఒత్తిడి ఎక్కించి, గేజ్ ముల్లు రాత్రంతా కదలకుండా ఉందని తెల్లారి నాకు చూపించాకే మట్టి కప్పారు. ఆ ముల్లు మీరు కళ్లారా చూడకుండా కప్పనివ్వకండి. తర్వాత లీకు వెతకాలంటే పెరడంతా మళ్లీ తవ్వాలి.

ఇబ్బందులు కూడా వినండి. పెరడు ఒక ఏడాది దాకా కోలుకోలేదు, గడ్డి మళ్లీ వేయించాం. అమ్మానాన్నలకు మొదటి చలికాలంలో ఇంకో ఫిర్యాదు: "గాలి చల్లగా వస్తోంది." గ్యాస్ ఫర్నేస్ గాలి 120 డిగ్రీలకు పైన వస్తుంది, చేతికి సెగలా తగులుతుంది. హీట్ పంప్ గాలి 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. గది వెచ్చగానే ఉంటుంది కానీ వెంట్ దగ్గర చెయ్యి పెడితే వేడి తెలియదు. వెంట్ కింద ఉన్న అమ్మ కుర్చీని కిటికీ వైపు జరిపాక ఆ మాట మళ్లీ రాలేదు. పెద్దవాళ్లు వచ్చి ఉండే ఇళ్లలో ఇది ముందే చెప్పుకోవాల్సిన విషయం.

బావి ఉన్నవాళ్లకు ఓపెన్ లూప్ అనే ఇంకో పద్ధతి ఉంది. బావి నీళ్లను యంత్రం గుండా పోనిచ్చి బయటికి వదులుతారు. తవ్వకం తక్కువ. నీళ్లలో ఇనుము, సున్నం ఎక్కువుంటే లోపల గార కడుతుంది, వాడిన నీళ్లు ఎక్కడ వదలాలన్నదానికి అనుమతి కావాలి. నీటి పరీక్ష చేయించకుండా దీని జోలికి వెళ్లకండి.

గాలి హీట్ పంప్

చలిదేశంలో ఇవి పనికిరావన్న మాట పాతబడిపోయింది. చలి ప్రాంతాల కోసం చేసిన మోడళ్లు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కూడా యూనిట్‌కి కనీసం 1.75 యూనిట్ల వేడి ఇవ్వాలన్న ప్రమాణం ఉంది. అయితే బయట చలి పెరిగేకొద్దీ దీని బలం తగ్గుతుంది. మీకు వేడి ఎక్కువ కావాల్సిన రాత్రే ఇది తక్కువ ఇస్తుంది. జియోథర్మల్‌కి ఆ బాధ లేదు, దాని మేలంతా ఇక్కడే ఉంది.

బయటి యూనిట్‌ని నేల మీద కాకుండా స్టాండు మీద ఎత్తుగా పెట్టించండి, లేదంటే మంచులో కూరుకుపోతుంది. మధ్యమధ్యలో డీఫ్రాస్ట్ అవుతూ, అంటే తన మీద పేరుకున్న మంచు కరిగించుకుంటూ, తెల్లగా ఆవిరి వదులుతుంది, పొగ అనుకుని కంగారు పడొద్దు. ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్లు. డక్టులు లేని పాత ఇళ్లకు గదికొక మినీ స్ప్లిట్ (మన స్ప్లిట్ ఏసీలా గోడకు బిగించే హీట్ పంప్) పెడితే డక్టుల ఖర్చు తప్పుతుంది.

టెక్సస్, జార్జియా, ఫ్లోరిడాల్లో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మీ చలికాలం చిన్నది, జియోథర్మల్‌కి పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

గ్యాస్ ఉన్న ఇల్లు: రెండూ కలిపితే?

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ సబ్‌డివిజన్లలో మనవాళ్లు ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు. చిన్న ప్లాటు, పైపు గ్యాస్, పన్నెండేళ్ల ఏసీ చివరి దశలో ఉంటుంది. నా సలహా: ఏసీ పోయినప్పుడు దాని స్థానంలో ఏసీ కాకుండా గాలి హీట్ పంప్ పెట్టించండి, ఫర్నేస్‌ని అలాగే ఉంచండి. దీన్ని డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. అక్టోబరులో, ఏప్రిల్‌లో హీట్ పంప్ నడుస్తుంది, జనవరి గడ్డు చలిలో గ్యాస్ అందుకుంటుంది. ఎన్ని డిగ్రీల దగ్గర మారాలో థర్మోస్టాట్‌లో మీరే పెట్టుకోవచ్చు.

గ్యాస్ పూర్తిగా తీసేస్తే నెలనెలా కనెక్షన్ ఛార్జీ మిగులుతుందని కొందరు లెక్కేస్తారు. నిజమే, కానీ వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంచుకుంటే ఆ ఛార్జీ అలాగే పడుతుంది. దోసె పెనం కోసం గ్యాస్ వదలలేని ఇళ్లు నాకు చాలానే తెలుసు.

| మీ పరిస్థితి | నేనైతే |
|---|---|
| ఆయిల్ లేదా ప్రొపేన్, పెద్ద పెరడు, 15 ఏళ్లు ఉంటారు, రిబేట్ ఉంది | జియోథర్మల్ |
| ఆయిల్ లేదా ప్రొపేన్, రిబేట్ లేదు | చలికి తట్టుకునే గాలి హీట్ పంప్ |
| పైపు గ్యాస్, ఏసీ పాతబడింది | డ్యూయల్ ఫ్యూయల్ |
| బేస్‌బోర్డ్, డక్టుల్లేవు | మినీ స్ప్లిట్‌లు |
| చలి రాష్ట్రంలో కొత్త ఇల్లు కట్టిస్తున్నారు | జియోథర్మల్ కొటేషన్ తప్పకుండా తీసుకోండి |

చివరి వరుస గురించి ఒక మాట. పునాదికి ఎక్స్‌కవేటర్ ఎలాగూ వస్తుంది, పాడవడానికి పచ్చిక ఇంకా లేదు, తవ్వకం ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంటి లోన్‌లో కలిసిపోతుంది కూడా. ఒక్కో ఇంటికి విడిగా కాకుండా పేటంతటికీ కలిపి పైపులు వేసే పద్ధతి కూడా మొదలైంది. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో 2024లో ఒక యుటిలిటీ కంపెనీయే ఇలాంటిది నడపడం మొదలుపెట్టింది. తవ్వకం భారం ఇంటి యజమాని నెత్తిన పడకపోతే ఈ పట్టిక నేను మళ్లీ రాయాల్సి వస్తుంది.

కాంట్రాక్టర్‌ని అడగాల్సినవి

మా ఇంటికి మొదట వచ్చిన కాంట్రాక్టర్ ఇంటి వైశాల్యం అడిగి, టేపు బయటకు తీయకుండానే 5 టన్నులన్నాడు. ఇంకొకతను కిటికీలు, ఇన్సులేషన్ అన్నీ కొలిచి, మాన్యువల్ జె అనే లెక్క వేసి 4 చాలన్నాడు. ఒక్క టన్ను తేడా అంటే కందకం, పైపు, యంత్రం అన్నీ పెరుగుతాయి. పైగా అవసరం కన్నా పెద్ద యంత్రం మాటిమాటికీ ఆగి మొదలవుతూ వేసవిలో తేమ తీయలేదు. ఆ లెక్క కాగితం మీద ఇవ్వని వాళ్లతో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

యంత్రంలో ఏ రిఫ్రిజరెంట్ (లోపల తిరుగుతూ వేడిని మోసే వాయువు) ఉందో అడగండి. పాత ఆర్-410ఏతో కొత్త ఇంటి యంత్రాల తయారీ 2025 జనవరి నుంచి ఆగింది. చవగ్గా ఇస్తున్నారంటే పాత స్టాకేమో చూసుకోండి.

ఆక్స్ హీట్ ఎప్పుడు ఆన్ అవుతుందో కూడా అడిగి తెలుసుకోండి. ఇది యంత్రంలో ఉండే మామూలు కరెంటు హీటర్, బేస్‌బోర్డ్ ఎంత తింటుందో ఇదీ అంతే తింటుంది. ఫర్నేస్ అలవాటుతో మేం రాత్రి 62కి దించి పొద్దున 70కి పెంచేవాళ్లం. పెంచిన ప్రతిసారీ ఈ హీటర్ ఆన్ అయ్యేది. మొదటి జనవరి బిల్లు చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. ఒకే డిగ్రీ దగ్గర రాత్రీ పగలూ వదిలేశాక ఫిబ్రవరి నుంచి సర్దుకుంది. హీట్ పంప్ ఏదైనా సరే, థర్మోస్టాట్ ముట్టుకోకుండా ఉంటేనే డబ్బు మిగులుతుంది.

తెనాలి ఇంటికి?

తిరుగు ప్రయాణానికి ముందు నాన్న అడిగారు, మన ఇంటికి కూడా ఇది పెట్టిద్దామా అని. వద్దన్నాను. అక్కడ చలికాలానికి వేడి అక్కర్లేదు, అంటే యంత్రం సగం పని లేకుండా కూర్చుంటుంది. నేల వేడి కూడా అక్కడ 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఏడాదంతా ఇంట్లో వేడిని నేలలోకి పంపడమే తప్ప తిరిగి తీసుకునే రుతువు లేకపోతే, పైపుల చుట్టూ మట్టి ఏటికేడు వేడెక్కుతూ పోతుంది. ఇక్కడ చలికాలం ఆ బాకీ తీరుస్తుంది, అక్కడ తీర్చే కాలమే లేదు.

హైదరాబాద్‌లోనైనా, తెనాలిలోనైనా ఇంత డబ్బు బోర్ల మీద పెట్టే బదులు డాబా మీద పెట్టాలి. మధ్యాహ్నమంతా స్లాబు తాగిన ఎండే రాత్రి గదిలోకి దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఆ మార్చిలో నాన్న డాబాకి రెండు పూతలు తెల్లటి కూల్ పెయింట్ వేయించి, పడకగదికి ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెట్టించారు. మే నెలలో ఫోన్ చేసి, మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నడిచానని చెప్పారు.